భుజకీర్తులు

మా ఇంట్లో తగాదాలు మామూలుగా భోజనాల దగ్గర పుడతాయి. మొన్న శనివారం నాటి తగాదా మాత్రం ఇస్త్రీపెట్టె దగ్గర పుట్టింది.

మా అన్నయ్య కూతురు పైలట్టు. ఒక్క మాటలో రాసేశాను గాని, భీమడోలు లాంటి ఊళ్ళో ఆ మాట వెనకాల ఎంత చదువుందో, ఎంత అప్పుందో, ఎంతమంది బంధువులు బుగ్గలు నొక్కుకున్నారో చదువరులే ఊహించుకోవచ్చు. రెండేళ్ళుగా ఒక విమాన కంపెనీలో ఫస్ట్ ఆఫీసరుగా చేస్తోంది. అంటే కుడివైపు సీటు. ఎడమవైపుది కెప్టెను సీటు. భుజాల మీద కెప్టెనుకి నాలుగు గీతలు, మా పిల్లకి మూడు. ఆ మూడు గీతల చొక్కాలు లాండ్రీకి వెయ్యడానికి మా వదిన ఒప్పుకోదు. పిల్ల ఇంటికొస్తే చాలు, ఉతకడం, ఆరెయ్యడం, ఇస్త్రీ చెయ్యడం అన్నీ ఆవిడ చేతుల మీదుగానే జరగాలి. వీధిలో వాళ్ళకి కనిపించేటట్లు ముందు వసారాలో ఆరేస్తుందని మా అన్నయ్య ఎగతాళి చేస్తాడు గాని, ఆరేస్తే తప్పేమిటి?

పిల్ల నాలుగు రోజుల సెలవు మీద వచ్చింది. ఆదివారం రాత్రి ఏలూరులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్ళాలి. అక్కడ రెండు రోజులు సిమ్యులేటర్ పరీక్ష. వదిన చొక్కా మడత విప్పి ఇస్త్రీపెట్టె ఆనించబోతూ ఉండగా పిల్ల అడ్డుపడింది.

"అమ్మా, ఇప్పుడు యూనిఫారం అక్కర్లేదు. సిమ్యులేటరుకి ఏ బట్టలు వేసుకున్నా ఫరవాలేదని ఈ ఏడు మా కంపెనీ వాళ్ళు చెప్పేశారు. టీషర్టుతో వెళ్ళిపోతాను."

పడకకుర్చీలో పేపరు చూసుకుంటున్న మా నాన్నగారు పేపరు దించారు.

"వేషం లేకుండా రంగం ఎక్కుతావుటే?"

"అది రంగం కాదు తాతయ్యా, రిహార్సలు."

"అంచేతనే అడుగుతున్నాను."

అక్కడ మొదలయింది. ఆ పూట మా ఇంట్లో ఆలస్యంగా వడ్డన జరిగిందంటే ఆ చొక్కాయే కారణం.

సంగతి తెలియని వారి కోసం సిమ్యులేటర్ అంటే ఏమిటో నాలుగు ముక్కలు చెప్పాలి. అది ఉత్తుత్తి విమానం. పెద్ద హాల్లో ఆరు కాళ్ళ మీద నిలబెట్టిన గది. లోపల అచ్చంగా విమానం ముందు భాగమే. అవే మీటలు, అవే గడియారాలు, అవే సీట్లు. అద్దాల అవతల తెరల మీద ఊళ్ళు, మబ్బులు, రన్‌వే దీపాలు కనిపిస్తాయి. ఆరు కాళ్ళూ ఒక్కొక్కటి ఒక్కో రకంగా సాగి ముడుచుకుంటూ ఉంటే లోపల కూర్చున్నవాడికి లేచినట్టూ, ఒరిగినట్టూ, నేల తాకినట్టూ ఉంటుంది. వెనకాల పరీక్షాధికారి కూర్చుని మీటలు నొక్కుతూ ఇంజను ఆర్పేస్తాడు, పొగ పుట్టిస్తాడు, గాలివాన తెప్పిస్తాడు. పైలట్లు ఆర్నెల్లకోసారి అందులో కూర్చుని నెగ్గుకు రావాలి. లేకపోతే గాలిలోకి వెళ్ళనివ్వరు.

ఇదంతా ఎందుకంటే, కొన్ని విద్యలు నిజం వస్తువు మీద నేర్పడానికి వీల్లేదు. 2023 మార్చిలో మా భీమడోలు గేటు దగ్గరే దురంతో ఎక్స్‌ప్రెస్, పట్టాల మీదికి వచ్చిన ఒక బొలేరో బండిని గుద్దింది. అదృష్టం బాగుండి మనుషులకేమీ కాలేదు. అలాంటప్పుడు ఇంజను నడిపేవాడు ఏం చెయ్యాలో నేర్పించడానికని పట్టాల మీద నిజం బండిని అడ్డం పెట్టగలమా? విమానమూ అంతే. నిండు ప్రయాణికులతో ఇంజను ఆర్పి చూపించలేరు గదా.

ఈ ఉత్తుత్తి విమానాల పుట్టుక చెబితే మా నాన్నగారు ఎంతో సంతోషించారు. అమెరికాలో బింగ్‌హామ్టన్ అనే ఊళ్ళో ఎడ్విన్ లింక్ అనే ఆయన ఉండేవాడు. వాళ్ళ నాన్నది ఆర్గన్ వాయిద్యాల ఫ్యాక్టరీ. మన హార్మోనియానికి పెత్తల్లి వంటి వాయిద్యం అది. విమానం నేర్చుకోవడానికి డబ్బు చాలా ఖర్చవుతోందని, లింక్ తండ్రి ఫ్యాక్టరీలోని గాలితిత్తులనే వాడి 1929లో ఒక చిన్న డబ్బా విమానం తయారుచేశాడు. తిత్తుల్లోకి గాలి కొడితే లేస్తుంది, తీస్తే వాలుతుంది. మొదట్లో దానిని వినోదాల తోటల వాళ్ళు కొన్నారు, పిల్లలు ఎక్కి ఊగడానికి, మన తిరునాళ్ళలో రంగులరాట్నం లాగా. 1934లో అమెరికా సైన్యానికి టపా మోసే పని అప్పగిస్తే, చీకట్లోనూ మంచులోనూ ఎగరడం చేతగాక పైలట్లు వరసగా చచ్చిపోయారు. అప్పుడు సైన్యం వారు లింక్ డబ్బాలు ఆరు కొన్నారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది పైలట్లు ఆ డబ్బాలలోనే ఓనమాలు దిద్దుకున్నారు.

"అయితే హార్మోనియం పెట్టెలోంచి పుట్టిందన్నమాట," అన్నారు మా నాన్నగారు. "ఇంకనేం, నాటకమే!"

మన వైపు ఈ విద్యకి హైదరాబాదు పాత చిరునామా. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్ అక్కడే ఉండేది. దేశం నలుమూలలా ఎగిరే ఆ కంపెనీ పైలట్లు సిమ్యులేటర్ కోసం హైదరాబాదు రావలసిందే. 2007లో ఆ కంపెనీ ఎయిరిండియాలో కలిసిపోయింది. ఇప్పుడు అక్కడ ప్రైవేటు శిక్షణ కేంద్రాలు కూడా వచ్చాయి. సిమ్యులేటర్లు బోలెడు ఖరీదైనవి కనుక వాటిని రాత్రీ పగలూ తిప్పుతూనే ఉంటారు. కిందటిసారి మా పిల్లకి అర్ధరాత్రి రెండింటికి వంతు వచ్చింది. నాలుగు గంటల సేపు ఏసీ చలిలో కూర్చుని, చెమటలు కక్కి బయటికి వస్తారట. చలిలో చెమటలేమిటే అంటే, నువ్వొకసారి కూర్చుని చూడత్తా అంది.

యూనిఫారం మాటకొద్దాం. పైలట్లకి మొదట యూనిఫారం అనేది లేదు. తోలుకోటు, కళ్ళజోడు, మెడకి గుడ్డ, అంతే. నెత్తి మీద కప్పులేని విమానాల్లో చలికి ఆగడానికి వేసుకున్న బట్టలవి. లాహోరులో 1936లో సరళా ఠక్రాల్ అనే ఆవిడ చీరె కట్టుకునే విమానం నడిపి లైసెన్సు పుచ్చుకుంది. అప్పటికి ఆవిడకి ఇరవై ఒక్క ఏళ్ళు. చీరె కుచ్చెళ్ళు ఎక్కడ దోపుకుందో గాని, ఆ ఫోటో తలుచుకున్నప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది.

ఓడ కెప్టెన్ల లాంటి నల్ల కోటు, టోపీ, చేతుల మీద బంగారు గీతలు తగిలించినది అమెరికాలోని పాన్ అమెరికన్ కంపెనీ. 1930ల నాటి సంగతి. ఆ కంపెనీ విమానాలు నీటి మీద లేచి నీటి మీద వాలేవి. జనానికి అప్పట్లో విమానమంటే హడలు, ఓడంటే గురి. అంచేత విమానం నడిపేవాణ్ణి ఓడ కెప్టెనులాగా కనిపించేటట్లు చేస్తే టిక్కెట్టు కొనేవాడికి నమ్మకం కుదురుతుందని వారి ఎత్తు. కెప్టెను అన్న మాటా, ఫస్ట్ ఆఫీసరు అన్న మాటా ఓడల నుంచి వచ్చినవే. ఎత్తు పారింది. ప్రపంచంలోని విమాన కంపెనీలన్నీ ఆ దారినే పట్టాయి.

మా పిల్ల వాదమంతా దీనిమీదనే నడిచింది. "యూనిఫారం పుట్టింది ఎవరికోసం? ప్రయాణికుల కోసం. సిమ్యులేటర్లో ప్రయాణికులెవరూ లేరు. చూసేవాళ్ళే లేనప్పుడు ఈ ఇస్త్రీ ఎవరికి?"

బాగానే ఉంది గదా! నాకూ అలాగే తోచింది. పైగా ఆ పిల్ల చదువుకున్న పిల్ల. ఇంకో సంగతి కూడా ఎత్తింది. 2012లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు కొందరికి తెల్లకోటు తొడిగించి, ఇది డాక్టరు కోటు అని చెప్పి చిన్న చిన్న పరీక్షలు పెట్టారట. కోటు వేసుకున్నవాళ్ళు తప్పులు తక్కువ చేశారట. అదే కోటు పెయింటర్లదని చెబితే ఆ ఫలం లేదట. పేపర్ల వాళ్ళకి పండగ. బట్టలు బుద్ధిని మారుస్తాయని ప్రపంచమంతా చెప్పుకున్నారు. తీరా 2019లో వేరే వాళ్ళు ఎక్కువ మందిని కూర్చోబెట్టి తెల్లకోటు ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూస్తే అటువంటిదేమీ కనిపించలేదట. "కాబట్టి తాతయ్యా, చొక్కా వేసుకుంటే బుద్ధి వస్తుందన్నమాట నిలబడదు. కొల్లేట్లో గూడబాతు పిల్లలు ఎగరడం నేర్చుకుంటాయి. వాటికి యూనిఫారం ఉందా?"

"ఈకలు రాకుండా నేర్చుకుంటాయా?" అన్నారు మా నాన్నగారు.

ఇక్కడ మా నాన్నగారి గురించి చెప్పాలి. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు గాని, ఆయన ప్రాణం పద్యనాటకాల మీద. కుర్రతనంలో ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడే జట్టులో ఉండేవారు. ఆయనది దుర్యోధనుడి వేషం. కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో సంక్రాంతికి నాటకం ఒప్పుకున్నారు. మూడు నెలలు రైసుమిల్లు వెనకాల గోడౌనులో రిహార్సళ్ళు. అందరూ లుంగీలే. కృష్ణుడి వేషం వేసేది ఆస్పత్రిలో కాంపౌండరు. మా నాన్నగారితో కలిసి రోజూ టీ తాగే మనిషి. ఆయన బీడీ ఆర్పేసి కృష్ణుడుగా లోపలికి వస్తూంటే, దుర్యోధనుడు కాలు మీద కాలు వేసుకుని, లేవకుండా, చూపు కూడా తిప్పకుండా కూర్చోవాలి. మూడు నెలలూ ఆయన దివ్యంగా కూర్చున్నారు.

నాటకం నాడు సాయంత్రం ఏలూరు నుంచి అద్దె సామాను వచ్చింది. కిరీటం, గద, పూసల భుజకీర్తులు. భుజకీర్తులు కట్టాక చెయ్యి భుజం దాటి పైకి లేవదు. తొడ చరవడానికి వంగితే కిరీటం కనుబొమ్మల మీదికి జారుతుంది. మూడు నెలల అభినయం ముప్ఫై నిమిషాల్లో మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. అది సరే, దానికేదో తంటాలు పడ్డారు. అసలు దెబ్బ తర్వాత తగిలింది. తెర లేచింది. హార్మోనియం అందుకుంది. నీలం రంగు పూసుకుని, పట్టుపంచె కట్టి, నెమలిపింఛం పెట్టి, పెట్రోమాక్సు వెలుగులో కృష్ణుడు లోపలికి వచ్చాడు. జనం దణ్ణాలు పెట్టారు.

"నేనూ లేచి నిలబడ్డాను," అన్నారు మా నాన్నగారు. "చేతులు కూడా జోడించాననే అనుకుంటాను. దుర్యోధనుణ్ణి! లోపల ఉన్నది కాంపౌండరని నాకు తెలుసు. మధ్యాహ్నం నా దగ్గర అర్ధరూపాయి బదులు తీసుకున్నాడు. అయినా లేచాను. లుంగీలో ఉన్నవాణ్ణి చూసి కూర్చోవడం నేర్చుకున్నాను గాని, కిరీటం పెట్టినవాణ్ణి చూసి కూర్చోవడం నేర్చుకోలేదు."

అందరం నవ్వాం. పిల్ల కూడా నవ్వింది. కాని ఆ నవ్వు మధ్యలో తెగిపోయింది. అది నేను చూశాను.

మధ్యాహ్నం కొంత రాజీ కుదిరింది. అది మా వదిన ప్రయోజకత్వం. "చొక్కా సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. కాళ్ళకేం వేసుకుంటావు?" అని అడిగింది. పిల్ల ఈసారి మెత్తటి ఆటబూట్లు కొనుక్కుంది, అడుగున ఇంత మందం రబ్బరు ఉన్నవి. విమానం రన్‌వే మీద పరుగెత్తుతూ ఉండగా ఒక ఇంజను ఆగిపోతే ముక్కు ఒక పక్కకి లాగేస్తుంది. అప్పుడు పాదంతో రడ్డరు పెడలు నొక్కి తిన్నగా నిలబెట్టాలి. ఎంత నొక్కాలన్నది అరికాలికి తెలియాలి గాని మెదడుకి తెలిస్తే చాలదట. మందపాటి రబ్బరుతో అభ్యాసం చేసి, పల్చటి తోలు బూట్లతో నిజం విమానం ఎక్కితే అరికాలు లెక్క తప్పదూ? వదిన ఇది కుట్టుమిషను తొక్కే అనుభవంతో అన్నది. పిల్ల వాదించకుండా నల్ల తోలు బూట్లు సంచిలో పెట్టుకుంది.

జడ కూడా అంతే. పొగ వస్తే ఆక్సిజను మాస్కు ఒంటిచేత్తో, అయిదు సెకన్లలో, కళ్ళజోడు కదలకుండా తగిలించుకోవాలి. యూనిఫారంలో ఉన్నప్పుడు జుట్టు ముడి వేస్తుంది. కిందటిసారి సిమ్యులేటర్లో మాస్కు పట్టీలు ఆ ముడికి తట్టుకుని ఆలస్యమయిందట. ఆ మర్నాటి నుంచి ముడి కిందికి దించి వేస్తోంది. జడతోనే వెళ్ళి ఉంటే ఆ సంగతి తెలిసేదే కాదు, తెలిస్తే ఏ మబ్బుల్లోనో తెలిసేది. టోపీ విషయంలో మాత్రం ఏ వాదనా లేదు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకునే చోట టోపీ ఎలాగూ పెట్టరు. అది విమానాశ్రయంలో నడిచేటప్పటి వైభవం.

రాత్రి భోజనాలయ్యాక పిల్లా నేనూ డాబా మీదకి వెళ్ళాం. వెన్నెలగా ఉంది. దూరంగా గూడ్సు పోతోంది. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

కిందటి పరీక్షలో యూనిఫారం తప్పనిసరి. ఎడమ సీట్లో కూర్చున్నాయన పాతికేళ్ళ అనుభవం ఉన్న కెప్టెను. నెమ్మదస్తుడే, ఎవర్నీ కసిరే మనిషి కాదు. విమానం దిగుతోంది. వేగం ఎక్కువగా ఉంది, ఎత్తూ ఎక్కువగా ఉంది. వెయ్యి అడుగుల దగ్గరికి వచ్చేసరికి అన్నీ కుదురుకోకపోతే దిగకుండా మళ్ళీ పైకి లేచిపోవాలని వాళ్ళ రూలు. ‘గో అరౌండ్’ అని గట్టిగా చెప్పడం పక్క సీటు వాళ్ళ విధి. మా పిల్ల "స్పీడ్" అంది. ఆయన "కరెక్టింగ్" అన్నాడు. పిల్ల ఊరుకుంది. విమానం రన్‌వే సగం దాటాక నేలకి తగిలింది, చివర ఆగలేదు. పరీక్షాధికారి తెర ఆపేశాడు. మీటలన్నీ బిగిసిపోయాయి. వెనకనుంచి ఒకటే ప్రశ్న: "వెయ్యి అడుగుల దగ్గర నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసత్తా. నోటి దాకా వచ్చింది. పక్కకి తిరిగాను. ముందు ఆయన మొహం కనిపించలేదు, భుజం మీద నాలుగు గీతలు కనిపించాయి. అంతే."

మర్నాడు మరో అభ్యాసం. కెప్టెను చొక్కా మీద కాఫీ ఒలికింది కాబోలు, మామూలు బనీనుతో వచ్చాడు. అదే పరిస్థితి మళ్ళీ కల్పించారు. ఈసారి పిల్ల ఠకీమని చెప్పింది. ఆయన వెంటనే విమానం పైకి లేపాడు. పరీక్ష నెగ్గింది.

"అందుకే నాకు టీషర్టులు కావాలి," అంది. "అందరం ఒకేలా ఉంటే మాట వస్తుంది."

నేను జవాబు చెప్పలేదు. మనసులో మాత్రం కాంపౌండరు మెదిలాడు. లుంగీలో ఉన్న కృష్ణుడి ముందు కూర్చోవడం ఎవరికి రాదు?

ఇది మా పిల్ల ఒక్కర్తి పిరికితనం కాదు. 1977 మార్చి 27న స్పెయిను వారి టెనెరీఫ్ ద్వీపంలో, పొగమంచులో, రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. విమానాల చరిత్రలో అంతకు మించిన ప్రమాదం ఇంకొకటి లేదు. అనుమతి రాకుండానే విమానాన్ని పరుగెత్తించినది హాలండు కె.ఎల్.ఎం. కంపెనీ కెప్టెను. అనామకుడు కాదు, ఆ కంపెనీలో జంబో పైలట్ల శిక్షణకి ఆయనే పెద్ద. అంతకు ముందు ఎక్కువ కాలం సిమ్యులేటర్లలో నేర్పుతూ గడిపినవాడు. సిమ్యులేటర్లో అనుమతి కోసం కాచుకుని కూర్చోవడం ఉండదు; అనుమతి ఇచ్చేది నేర్పేవాడే. ఆ అలవాటు నిజం రన్‌వే మీదకి కూడా వచ్చిందేమోనని దర్యాప్తు చేసినవారు అనుమానపడ్డారు. పక్కన కూర్చున్న కో పైలట్టుకి రెండు నెలల క్రితం జంబో పరీక్ష పెట్టి నెగ్గించినది కూడా ఆ కెప్టెనే. ఆయన మొదటిసారి విమానాన్ని కదిలించబోతే, ఇంకా అనుమతి రాలేదని కో పైలట్టు ఆపాడు. రెండోసారి ఆపలేదు. అవతలి విమానం ఇంకా రన్‌వే మీద ఉందేమో అని వెనక కూర్చున్న ఇంజనీరు అడిగాడు. లేదని కెప్టెను గట్టిగా చెప్పేసరికి అతనూ ఊరుకున్నాడు.

దీనికంతకీ చొక్కాలే కారణమనడం అన్యాయం. మంచు ఉంది, రేడియోలో మాటలు ఒకదాని మీద ఒకటి పడి వినపడకపోవడం ఉంది, ఆలస్యమయిందన్న తొందర ఉంది. అయితే ఆ తర్వాతనే చిన్నవాడు పెద్దవాడికి ఎలా చెప్పాలి, పెద్దవాడు ఎలా వినాలి అన్నది కూడా ఒక విద్యగా పైలట్లకి నేర్పడం మొదలుపెట్టారు. విమానం నడపడం ఎంతో అదీ అంతేనన్నారు.

చెప్పినా వినకపోవడమూ ఉంది. 2010 మే 22న మంగళూరులో దిగబోతున్న విమానంలో, దిగవద్దు, పైకి లేపమని కో పైలట్టు ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చెప్పాడు. కెప్టెను దించాడు. 158 మంది పోయారు. అంటే మాట్లాడటం మూడు గీతలవాళ్ళు నేర్చుకుంటే చాలదు, వినడం నాలుగు గీతలవాళ్ళు కూడా అభ్యాసం చెయ్యాలి. తమ భుజాల మీద ఆ గీతలు ఉండగా చెయ్యాలి.

మన హైదరాబాదు కథ ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. బేగంపేట నుంచి ఎగిరిన డెక్కన్ ఎయిర్‌వేస్ కంపెనీ 1945లో నిజాం ప్రభుత్వం, టాటా వారు కలిసి పెట్టినది. ఎనిమిది కంపెనీలు ఆడపిల్లవి వద్దు పొమ్మన్నాక ప్రేమ్ మాథుర్ అనే ఆవిడకి కో పైలట్టు ఉద్యోగం ఇచ్చింది ఈ కంపెనీయే. 1949లో ఆవిడ జాతీయ విమాన పందెం కూడా గెలిచింది. విమానం నడపడం చేతకాదని ఆవిడని ఎవరూ అనలేదు. అయినా ఆ కంపెనీలో కెప్టెను సీటు ఆవిడకి దక్కలేదు. ఆవిడకి గీతలు బట్టతో కుట్టేవి కావు, ఎదుటివాళ్ళ కళ్ళల్లో ఉండేవి. టీషర్టు తొడుక్కున్నంత మాత్రాన అవి పోతాయా అని మా పిల్లని అడుగుదామనుకున్నాను. అడిగాను కూడా.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే తాతయ్యే నెగ్గాడంటావా?" అంది.

పూర్తిగా నెగ్గారని నేననను. నా లెక్క వేరు. కొత్తగా ఒక మీట ఎక్కడుందో, ఒక దీపం ఎందుకు వెలిగిందో నేర్చుకునే రోజుల్లో యూనిఫారం అనవసరం. అర్ధరాత్రి రెండింటికి బిగుతు కాలరుతో కూర్చోబెట్టి నేర్పితే నేర్చుకునేది తక్కువ, విసుక్కునేది ఎక్కువ. తప్పులు చెయ్యడానికే కేటాయించిన రోజులవి. లుంగీలలో పద్యాలు కంఠస్థం చెయ్యరూ? ఎవరి ఇష్టం వారిది. బూట్లు మాత్రం అసలువే. కాని ఈ రోజుల్లో ఇంకో రకం అభ్యాసం కూడా ఉంది. ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి అని కాగితాలు చూసుకోవడం దగ్గర్నుంచి దిగడం దాకా, మధ్యలో ఎవరూ ఆపకుండా, మొత్తం ప్రయాణమంతా సిమ్యులేటర్లోనే చేయిస్తారు. వచ్చే చిక్కు ఏమిటో ముందు చెప్పరు. దానికి మాత్రం ఇద్దరూ గీతలతో రావాలి. కెప్టెను నాలుగింటితో, పక్కవాళ్ళు మూడింటితో. మాట రావలసిన చోటే రావాలి.

కంపెనీలకి నేను చెబితే వినేదేముంది? కొన్ని కంపెనీలు సిమ్యులేటరుకి కూడా టై దగ్గర్నుంచి కట్టుకు రమ్మంటాయి, కొన్ని మర్యాదగా కనిపిస్తే చాలంటాయి. మొదటి రకం వాళ్ళు క్రమశిక్షణ అంటారు. క్రమశిక్షణ కోసమే అయితే నాకు అంత గురి లేదు. ఇస్త్రీ మడతలకీ రడ్డరు మీది పాదానికీ సంబంధం ఉందని ఎవరూ నాకు చూపించలేదు. రెండో రకం వాళ్ళ ఔదార్యంలో సౌకర్యం ఉంది గాని, మా పిల్ల లాంటి వాళ్ళు దాని చాటున దాక్కునే వీలు కూడా ఉంది. ఈ మాట దానితో అన్నాను. దానికి కోపం వచ్చింది. "దాక్కోవడం అనకత్తా," అని లేచి కిందికి వెళ్ళిపోయింది. ఆ మాట నేను ఇంకోలా అనవలసింది.

ఆదివారం పొద్దున్న అన్నయ్య, పిల్ల స్కూటరు మీద తాడేపల్లిగూడెం వెళ్ళొచ్చారు, ఏదో పని మీద. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటి ఉంది. అన్నయ్య కుర్రతనంలో స్కూటరు నేర్చుకున్నది దాని మీదే. మా వంశంలో రన్‌వే మీద మొదట వాహనం నడిపినవాణ్ణి నేనే అని ఇప్పటికీ అంటాడు. దారిలో తండ్రీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఇంటికి వచ్చాక పిల్ల తిన్నగా వదిన దగ్గరికి వెళ్ళి, "రెండు చొక్కాలు ఇస్త్రీ చెయ్యమ్మా," అంది.

వదిన ఏమీ అడగలేదు. ఇస్త్రీపెట్టె తగిలించింది.

"రెండెందుకు?" అన్నాను నేను.

"ఒకటి నాకు. రేపు కెప్టెనుకి ఫోన్ చేసి ఆయన్ని కూడా యూనిఫారంలో రమ్మని అడుగుతాను. కారణం కూడా చెబుతాను. రెండోది ఎల్లుండికి."

కెప్టెనుకి ఫోన్ చేసి, మీ గీతలు చూస్తే నాకు మాట పడిపోతోంది, అవి వేసుకుని రండి అని చెప్పడం! ఆ ఫోను చెయ్యడానికి ఎంత ధైర్యం కావాలో తలుచుకుంటే, పరీక్ష అక్కడే సగం అయిపోయినట్టు నాకనిపించింది.

రాత్రి ఏలూరు స్టేషనుకి మా నాన్నగారు కూడా వస్తానన్నారు. వయసు పైబడింది, వద్దన్నా వినలేదు. రైలు వచ్చేలోగా ప్లాట్‌ఫారం మీద బెంచీలో పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు ఏదో చెప్పారు. పద్యమేదో నేర్పుతున్నారనుకున్నాను. దగ్గరికి వెళ్ళి వింటే, రెండో ఏడు సంక్రాంతికి మళ్ళీ అదే నాటకం వేసినప్పుడు, రిహార్సళ్ళ చివరి వారం రోజులూ కాంపౌండరుకి రోజూ కిరీటం పెట్టి, మొహానికి నీలం పూయించి నిలబెట్టిన సంగతి చెబుతున్నారు.

"మరి కూర్చున్నారా తాతయ్యా?"

"మొదటి రెండు రోజులు లేచాను. మూడో రోజు కూర్చున్నాను. వాడికే కోపం వచ్చింది, రోజూ ఆ నీలం కడుక్కోలేక."

గోదావరి ఎక్స్‌ప్రెస్ వచ్చింది. వదిన చొక్కాల సంచి నలగకుండా పై బెర్తు మీద తనే స్వయంగా పెట్టి దిగింది.